సోలాపూర్ గిర్నీల్లో, సాంచెల మీద మనవాళ్ళు: ఎదుగుదల ఎక్కడ ఆగింది?

సమాఖ్య వార్షికోత్సవ సంచికకు ఏదైనా చరిత్ర రాసివ్వమని పెద్దలు అడిగారు. మన సంచికల్లో చరిత్ర అంటే మార్కండేయ మహర్షి దగ్గర మొదలై ఇప్పటి కార్యవర్గం ఫోటోల దగ్గర ఆగుతుంది. ఆ రెండూ ఈ సంచికలో వేరేవాళ్ళు చూసుకుంటారు. మేము ఎనిమిదో తరగతి చదివి, కండెలు చుట్టి, సాంచెలు నడిపి, ఆ తర్వాత చేనేత సహకార సంఘంలో సెక్రెటరీ కుర్చీలో కూర్చున్నవాళ్ళం. మాకు తెలిసింది గిర్నీ, సాంచె, మగ్గం. వాటి దగ్గర పనిచేసిన మనిషి మనసులో ఏముండేదో, ఆ మనసు అతణ్ణి ఎంత దూరం పోనిచ్చిందో, ఎక్కడ పట్టి ఆపిందో, అది రాస్తాం.

మనవాళ్ళు సోలాపూర్‌కు ఒక్కసారిగా రాలేదు. నిజాం రాజ్యంలోని కరీంనగర్, నల్లగొండ, మెదక్, పాలమూరు దిక్కుల నుంచి తరాల తరబడి వస్తూనే ఉన్నారు. 1860లో బొంబాయి రైలు సోలాపూర్ దాకా వచ్చింది. 1876-78 కరువులో దక్కన్ అంతా ఎండిపోయింది. ఆ కరువు నడుమనే, 1877లో, సోలాపూర్‌లో మొదటి బట్టల మిల్లు మొదలైంది. దాన్నే తర్వాత అందరూ జునీ మిల్ అన్నారు, అంటే పాత మిల్లు. దాని వెనక నర్సింగ్‌గిర్జీ, విష్ణు, లక్ష్మీ మిల్లులు వచ్చాయి. ఊళ్ళో గుంట మగ్గం మీద నేసే మనిషికి ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. ఇక్కడ గిర్నీ భోంగా మోగితే లేవాలె, రెండో భోంగాకు గేటు లోపల ఉండాలె. మూడు తరాలు ఆ భోంగా మీదనే బతికాయి. మిల్లులు మూతబడ్డాక కూడా మా బాపు తెల్లారక ముందే లేచి కూర్చునేవాడు, పోవడానికి చోటు లేకున్నా.

మా బాపు ఒక గిర్నీలో సాంచా ఖాతాలో, అంటే నేత విభాగంలో, ముప్పై యేళ్ళకు పైగా పనిచేశాడు. చేరింది నేతగాడిగా, బయటికి వచ్చింది నేతగాడిగానే. పనితనం లేక కాదు. తెగిన పోగును ఎక్కడ తెగిందో చూడకుండానే చప్పుడును బట్టి చెప్పేవాడు. పక్క మగ్గాలవాళ్ళు జాబర్‌ను పిలవడానికి ముందు మా బాపునే పిలిచేవాళ్ళు. మరి ఎందుకు పెరగలేదు?

దీనికి జవాబు చెప్పాలంటే జాబర్ అంటే ఎవరో ఇప్పటి పిల్లలకు చెప్పాలె. ఆ రోజుల్లో మిల్లులో మనిషిని పనిలో పెట్టుకునేది మేనేజరు కాదు, జాబర్. పని నేర్పేది, మగ్గం బాగుచేసేది, సెలవిచ్చేది, తీసేసేది అంతా అతనే. 1931లో వచ్చిన రాయల్ కమిషన్ రిపోర్టులో కూడా జాబర్ల పెత్తనం గురించి, వాళ్ళు పుచ్చుకునే మామూళ్ళ గురించి ఉంది. కొత్తగా వచ్చినవాడు ముందు కండెల పోరడు, తర్వాత బదలీ. బదలీ అంటే రోజూ గేటు ముందర నిలబడాలె, ఎవరైనా రాకపోతే ఆ మగ్గం దొరుకుతుంది, అందరూ వస్తే వెనక్కి ఇంటికి. యేళ్ళ తరబడి గేటు ముందర నిలబడి, ఎవరో ఒకరికి జ్వరం రావాలని లోలోపల కోరుకున్న మనిషి పర్మినెంట్ అయ్యాక ఇంకేం అడుగుతాడు? దొరికింది పోకుంటే చాలనుకుంటాడు. మా పేటలో ఆ భయం మగవాళ్ళ నడకలోనే కనబడేది. మిల్లు ఆఫీసు ముందు నుంచి పోతే టోపీ సర్దుకుని, అంచున నడిచేవాళ్ళు.

ఇంకోటి ఉంది. సోలాపూర్‌లో మూడు తరాలుగా ఉన్నా, మనవాళ్ళ మనసు మాత్రం ప్రయాణంలోనే ఉండేది. మా ఇంట్లో అల్మారా కొనలేదు. సందూక ఒకటి మంచం కింద ఉండె. అల్మారా ఎందుకు, రెండేండ్లల్ల ఊరికి పోతం కదా అనేవాడు బాపు. ఊళ్ళో మాకు ఒక కూలిన గోడ, ఒక చింతచెట్టులో భాగం తప్ప ఏమీ లేదు. అయినా ఆ రెండేండ్లు ఎన్నడూ తీరలేదు. పోయేవాడు పై మెట్టు గురించి ఎందుకు ఆలోచిస్తాడు? ఉన్నన్ని రోజులు నాలుగు పైసలు వెనకేసుకుంటే చాలు. బొంబాయి, భివండీ, సూరత్‌లో ఉన్న మనవాళ్ళు కూడా ఇది చదివి నవ్వుకుంటారు, వాళ్ళ మంచాల కింద కూడా సందూకలే.

ఒకసారి జాబర్ చనిపోతే ఆ పనికి మా బాపును అడిగారు. వద్దన్నాడు. ఇంట్లో చెప్పిన కారణం ఊరికి పోతామని. పేటలో చెప్పిన కారణం వేరే, మనోళ్ళ మీద మనం పెత్తనం చేస్తే బాగుండదని. జనం మెచ్చుకున్నారు. మేమూ చాలా కాలం అదే నిజమనుకున్నాం. బాపు రిటైరయ్యాక ఒక రోజు, మా పెద్దవాడి ఫీజు రసీదు చూస్తూ తనే అన్నాడు, జాబర్ అయితే రోజూ మరాఠీలో రిపోర్టు రాసియ్యాలె బిడ్డా, నాకు రాయరాదని అందరికీ తెలిసిపోవు అని. ముప్పై యేళ్ళు దాచుకున్న మాట. మన తెలుగు ఇంట్లో ఉంది, మార్కండేయ గుడిలో ఉంది. మిల్లు కాగితం మాత్రం మరాఠీ, అంతకు ముందు ఇంగ్లీషు. మాటల్లో మరాఠీ దంచికొట్టే మనవాళ్ళు కలం పట్టుకునే సరికి చిన్నబోయేవాళ్ళు. ఎంతమంది ఆ నామోషీకే పై మెట్టు వదులుకున్నారో.

ఇక్కడ మనకు ఇష్టం లేని మాట ఒకటి రాయాలె. ఎదుగుదల ఆగిందని మనం బాధపడతాం, కాని మన వల్ల ఆగినవాళ్ళు కూడా ఉన్నారు. బొంబాయి మిల్లుల్లో నేత ఖాతాలో కూలి ఎక్కువ, స్పిన్నింగులో తక్కువ. నాడె కండె అయిపోతే కొత్త దారాన్ని నాడె కంట్లోంచి నోటితో పీల్చి లాగేవాళ్ళు. ఒకడి నోరు తగిలిన నాడె ఇంకొకడు నోట పెట్టుకోవాలె కాబట్టి అంటరానివాళ్ళని పేరు పెట్టినవాళ్ళను నేత ఖాతాలోకి రానియ్యలేదు. 1928లో బొంబాయిలో పెద్ద సమ్మె జరిగినప్పుడు డాక్టర్ అంబేద్కర్ ఈ సంగతి గట్టిగా అడిగారు, మా వాళ్ళకు నేత ఖాతా తలుపులు తెరవండని. అదే సమ్మెలో మగవాళ్ళకు ఇంకో భయం, రెండు మగ్గాలు నడిపేవాడితో మూడు నడిపిస్తారని. అంటే, మన మగ్గం పోతుందని ఒక పక్క భయపడుతూ, ఇంకొకడి చేతికి మగ్గం అందకుండా ఇంకో పక్క కాపలా కాశాం. ఆ ఖాతాలో మనవాళ్ళు మాత్రమే లేరు, నిజమే. ఉన్నవాళ్ళలో మనమూ ఉన్నాం.

జునీ మిల్ 1960ల తొలి యేళ్ళలో మూతబడింది. తర్వాత ఒక్కొక్కటి. బొంబాయిలో 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన మొదలైన సమ్మెలో రెండున్నర లక్షల దాకా కార్మికులు దిగారు, తిరిగి పనిలోకి పోలేనివాళ్ళే వేలల్లో ఉన్నారు. మనవాళ్ళు కొందరు భివండీ సాంచెలకు పోయారు, కొందరు సిరిసిల్లకు తిరిగిపోయారు. అదంతా మీ ఇళ్ళల్లోనే జరిగిన కథ, మేము చెప్పేదేముంది.

మేము చెప్పాల్సింది సాంచెల సంగతి. 1972 కరువు వెనక మా ఇంట్లో ఇబ్బంది వచ్చి, ఎనిమిదో తరగతి అయిపోగానే మేము ఒక సాంచెల షెడ్డులో కండెలు చుట్టడానికి చేరాం. షెడ్డు మాలిక్ మన కులంవాడే, దూరపు చుట్టం. అక్కడ ఎవరూ ఎవరినీ కూలీ అనరు. కాకా, మామా, బావా అనే పిలుపులే. మాలిక్ కూడా నిన్నటి దాకా సాంచె నడిపినవాడే. ఆయన మమ్మల్ని చూసి ఎప్పుడూ ఒకటే మాట అనేవాడు, కష్టపడు పోరడా, నాలుగు సాంచెలు కొన్నవంటే నువ్వూ మాలిక్‌వే అని.

ఈ మాటను తక్కువగా చూడవద్దు. గిర్నీలో మా బాపుకు ఎన్నడూ లేని ఆశ మాకు ఈ మాటతో దొరికింది. మిల్లు యజమాని కావడం కలలో కూడా రాదు. నాలుగు సాంచెల యజమాని కావడం కళ్ళ ముందరే కనబడుతోంది. పక్క సందులోవాడు అయ్యాడు, ఎదురింటివాడు అయ్యాడు. ఆ ఆశతోనే రాత్రి పాళీ, పగలు పాళీ రెండూ చేశాం. జకార్డు మీద చద్దర్ నేయడం నేర్చింది ఆ ఊపులోనే. సోలాపూర్ చద్దర్‌కు దేశమంతా పేరు వచ్చింది, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ పేరు వెనక ఉన్నది ఈ ఆశే.

కాని అదే ఆశ మమ్మల్ని ఎట్లా కట్టేసిందో అప్పుడు తెల్వలేదు. అప్పట్లో కరెంటుతో నడిచే చోట పదిమంది పనిచేస్తే 1948 నాటి ఫ్యాక్టరీ చట్టం వర్తించేది. ఇరవై మంది ఉంటే 1952 నాటి ప్రావిడెంట్ ఫండ్ చట్టం వర్తించేది. అందుకని ఒకే ఇంటివాళ్ళ షెడ్డులో నాలుగు సాంచెలు భార్య పేరు మీద, నాలుగు తమ్ముడి పేరు మీద, నాలుగు కొడుకు పేరు మీద. గోడ ఒకటే, పేర్లు నాలుగు. ఇది మాకు తెలియదా? తెలుసు. ఎందుకు అడగలేదంటే, రేపు మేము సాంచెలు పెట్టినా ఇదే చేస్తాం కదా అనుకున్నాం. రేపటి మాలిక్ ఇవ్వాళ్టి మాలిక్ మీద కేసు పెడతాడా? పైగా బాకీ. పెండ్లికో, దవాఖానకో, పండుగకో మాలిక్ దగ్గర ముందుగా తీసుకున్న పైసలు. ఆ బాకీ తీరేదాకా షెడ్డు మారడానికి లేదు. కొత్త మాలిక్ పాత బాకీ కట్టి తీసుకుపోతే అది కొత్త బాకీ. బాకీ ఎక్కువ ఉన్నవాడిని నమ్మకమైనవాడు అనేవాళ్ళు. మేమూ గొప్పగా చెప్పుకున్నాం, మా మాలిక్ నమ్మి ఇంత ఇచ్చిండని.

సాంచెలు కొని మాలిక్ అయినవాళ్ళ పేర్లు పేటలో అందరికీ నోటికి వస్తాయి. కానివాళ్ళను ఎవరూ లెక్కపెట్టలేదు. మాతో పాటు ఆ షెడ్డులో చేరిన పదకొండు మందిలో ఒక్కడే మాలిక్ అయ్యాడు. మిగతా పదిమందిమి అతన్నే చూస్తూ ఉన్నాం. తెలంగాణ ప్రభుత్వం సిరిసిల్ల పక్కన పెద్దూరులో కార్మికుల కోసం షెడ్లు కట్టే పని తీసుకుని దానికి ‘వర్కర్ టు ఓనర్’ అని పేరు పెట్టింది. ఆ పేరు చదివి మాకు మా మాలిక్ మాటే గుర్తొచ్చింది. పేరు పెట్టినవాళ్ళకు మన మనసు బాగా తెలుసు.

ఇప్పుడు మా అమ్మ సంగతి. సోలాపూర్‌లో మన ఆడవాళ్ళు బీడీలు చుడతారు, అది అందరికీ తెలిసిందే. కార్ఖానాలో తునికాకు, తంబాకు తూకం వేసి ఇస్తారు. ఇంటికి తెచ్చి ఆకు తడిపి, కత్తిరించి, చుట్టి, దారం కట్టి, మర్నాడు కట్టలు అప్పజెప్పాలె. సరిగ్గా లేవని కొన్ని పక్కన పడేస్తారు, దాన్ని ఛాట్ అంటారు. ఆ ఛాట్ దగ్గర మా అమ్మ రోజూ కొట్లాడేది. బాపు గిర్నీలో ఎన్నడూ ఎత్తని గొంతు అమ్మ బీడీ కార్ఖానాలో ఎత్తింది. ఇంట్లో మాత్రం అమ్మ చేసేది పనిలో లెక్క కాదు. చుట్టాలు అడిగితే, ఊకె కూసోక బీడీలు చేస్తది అని చెప్పేవాళ్ళం.

మా అమ్మకు బీడీ కార్ఖానా మాలిక్ అవుతానని కల లేదు. ఎవరూ ఆ మాట ఆమెతో అనలేదు కూడా. తాను కూలిదాన్నని ఆమెకు పూర్తిగా తెలుసు. అందుకే కూలిదానికి రావాల్సినవి అడిగింది. 1966లో బీడీ కార్మికుల చట్టం వచ్చింది, 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. ఫోటో అంటించిన కార్డు, ప్రావిడెంట్ ఫండ్ నంబరు, బీడీ దవాఖాన, పిల్లలకు స్కాలర్‌షిప్పు. మా చెల్లె పదో తరగతి దాకా చదివింది ఆ కార్డు మీదనే. సాంచె నడిపే మగవాళ్ళకు ఇవేవీ లేవు. సాయంత్రం పేట అరుగు మీద కూర్చుని రేపటి సాంచెల గురించి మాట్లాడుకునే మాలో ఒక్కరి జేబులో కూడా కార్డు లేదు. ఇంట్లో సందూకలో అమ్మ కార్డు ఉంది.

తర్వాత కుంభారి దగ్గర బీడీ కార్మిక మహిళలకు ఇండ్ల సంఘం కట్టారు, గోదూతాయి పరులేకర్ పేరు మీద. దాన్ని నడిపించింది నర్సయ్య ఆడం, మన ఆడం మాస్తర్. కేంద్రం కొంత, రాష్ట్రం కొంత, కార్మికురాలు కొంత వేసుకుని పదివేల ఇండ్లు. 2006లో ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ వచ్చి అప్పజెప్పారు. పార్టీల సంగతి పక్కన పెట్టండి, అందరికీ వేరే వేరే పార్టీలు ఉంటాయి. మేము చెప్పేది ఒకటే: ఆ ఇండ్లు వచ్చింది బీడీ కార్డు ఉన్న ఆడవాళ్ళకు. నలభై యేళ్ళు మాలిక్ కాబోతున్న మగవాళ్ళు భార్య పేరు రాసిన గుమ్మంలోంచి లోపలికి పోయారు. మాకు తెలిసిన ఒకాయన మొదటి వారం ఆ ఇంటికి పోలేదు, పాత కిరాయి గదిలోనే పడుకున్నాడు.

మేము సాంచెలు వదిలి చేనేత సంఘానికి ఎట్లా వచ్చామో పెద్ద కథ, అది ఇక్కడ వద్దు. సంఘంలో ఉండగా ఒక శిక్షణకు పోయినప్పుడు ఒక సారు అహ్మదాబాద్ సంగతి చెప్పారు. 1953లో ఎ.కె. రైస్ అనే ఇంగ్లండు ఆయన క్యాలికో మిల్లులవాళ్ళ నేత షెడ్డులో పనిచేశారట. 224 ఆటోమాటిక్ మగ్గాలు, 29 మంది మనుషులు, 12 రకాల పనులు. ఎవడి పని వాడిదే, ఎవడు ఎవడికి జవాబు చెప్పాలో తెల్వదు. మగ్గాలు కొత్తవే, గుడ్డ మాత్రం సరిగ్గా వస్తలేదు. అప్పుడు వాళ్ళను చిన్న చిన్న జట్లుగా చేశారు, ఒక జట్టుకు కొన్ని మగ్గాలు, ఆ మగ్గాల బాధ్యతంతా జట్టుదే. కార్మికులే ముందుకొచ్చి జట్లు కూర్చుకున్నారట. గుడ్డ పెరిగింది, పాడయ్యేది తగ్గింది. సారు దీన్ని పెద్ద శాస్త్రంగా చెప్పారు. మేము వెనక బెంచీలో కూర్చుని గుంట మగ్గం ఇల్లు గుర్తు చేసుకున్నాం. తాత ఆసు పోసేవాడు, అమ్మ కండెలు, బాపు నేత, పిల్లలు అచ్చు దగ్గర పోగులు అందించేవాళ్ళు. చీర దిగితే అందరిదీ.

సహకార సంఘం అట్లాంటిదే కావాలె. పేరుకు అట్లాగే ఉంది. మెంబరు అంటే వాటాదారు, వాటాదారు అంటే యజమాని. కాగితం మీద మా సంఘంలో కూలీ ఒక్కడూ లేడు. నిజంలో ఆ యజమాని నూలు కోసం సంఘం మెట్ల మీద పొద్దంతా కూర్చుంటాడు.

ఒక పిల్లవాడు ఉండె మా సంఘంలో. పేరు రాయం. మంచి చెయ్యి, గోడకు వేలాడదీసే బొమ్మ తివాచీలు నేసేవాడు. ఒక రోజు వచ్చి, కాకా, నా పేరు మీద ప్రావిడెంట్ ఫండ్ ఏమన్న జమైతదా అని అడిగాడు. కరెంటు లేకుండా, యాభై మందికి తక్కువతో నడిచే సహకార సంఘానికి అప్పట్లో ఆ చట్టం వర్తించేది కాదు. అది నిజం, అంతవరకు చెప్పి ఊరుకుంటే సరిపోయేది. మేము నవ్వి, నువ్వు కూలీవారా ఫండ్ అడగడానికి, నువ్వు మెంబరువు, యజమానివి, కష్టపడు అన్నాం. నోట్లోంచి మాట వచ్చాక గుర్తొచ్చింది అది ఎవరి మాటో. యాభై యేళ్ళ కింద సాంచెల షెడ్డులో విన్న మాట, అదే నవ్వుతో సహా.

అతను ఏమీ అనలేదు. రెండు నెలల్లో మగ్గం వదిలి పుణె దిక్కు ఒక కంపెనీలో హెల్పర్‌గా పోయాడు. సంఘంలో అందరూ చెయ్యి పాడు చేసుకున్నాడన్నారు. మేము కూడా మీటింగులో ఆ మాటే రాయించాం, యువకులు వృత్తి మీద శ్రద్ధ చూపడం లేదని. ఆ తీర్మానం ఇప్పటికీ పుస్తకంలో ఉంది, కింద మా సంతకం ఉంది.

ఆ తర్వాత కొన్ని చేశాం. ప్రతి మెంబరుకు ఒక పాస్‌బుక్కు పెట్టాం, ఏ రోజు ఎన్ని గజాలు, ఎంత కూలి, ఎంత జమ. 2019-20 చేనేత గణనలో పేరు ఎక్కనివాళ్ళను వెతికి గుర్తింపు కార్డుల కోసం తిరిగాం. ఎవరూ ఎవరికీ యజమానివి కమ్మని చెప్పవద్దని మాత్రం తీర్మానం చేయలేదు, చేసినా ఎవరు వింటారు.

ఆ పిల్లవాడు పోయిన దసరాకు ఇంటికి వచ్చి మమ్మల్ని కలవడానికి వచ్చాడు. ముందు కూర్చోబెట్టి చాయ్ పోయించాం. సంఘం ఎట్లా నడుస్తోందని అడిగాడు, చెప్పాం. తన ఫండ్ నంబరు ఫోన్‌లో తీసి చూపించాడు, అందులో ఎంత జమైందో కూడా. కంపెనీలో లైన్ చూసుకునే పనికి పేరు ఇమ్మన్నారట. రోజూ సాయంత్రం మరాఠీలో రిపోర్టు రాయాలట. మా చేతిలో చాయ్ గ్లాసు ఆగింది. రాయగలవా అని అడిగాం.

“రాస్త కాకా. తప్పులు పోతే పోనీ” అన్నాడు.